షట్టర్ దించితే ఆగేది వెలుతురే

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసే ఉద్యోగి పటేల్‌గూడలోనో కిష్టారెడ్డిపేటలోనో ప్లాటు కొని ఇల్లు కట్టుకునేటప్పుడు, పూజగది ఏ మూలన ఉండాలో తేలకముందే రోడ్డు వైపు రెండు షట్టర్లు ఉండాలన్న సంగతి తేలిపోతుంది. జీతం ఇల్లు గడవడానికి, షట్టర్ పిల్లల పెళ్లిళ్లకు అన్నది ఆ ప్రాంతపు అలిఖిత అర్థశాస్త్రం. ఆ షట్టర్ వెనుక మొదట కిరాణా, తరువాత కర్రీ పాయింట్, ఆపైన నీళ్ల ప్లాంటు, చివరికి ఒక లేత్ మిషనుతో జాబ్‌వర్క్ షెడ్డు, అంటే పెద్ద కర్మాగారం పంపిన ముడిసరుకును చెక్కిపెట్టి కూలి తీసుకునే చిన్న కార్ఖానా, దశావతారాల వరుసలో వెలుస్తాయి. వాటిలో కొన్ని నిలబడతాయి. నిలబడనివి పోయాక వాటి పన్ను గతి ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ వీధుల్లో రెండు మతాలు ప్రచారంలో ఉన్నాయి. మతమంటే ఇక్కడ అభిప్రాయమనే పాత అర్థమే. మొదటిది షట్టర్ మతం: తాళం పడిన క్షణాన వ్యాపారమూ దాని లెక్కలూ ముగిశాయని అది బోధిస్తుంది. రెండోది నష్టలాభ మతం: నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుంది గనుక నష్టం కూడా ఒక రకం సంపాదనే అని అది ఓదారుస్తుంది. రెండింటికీ ఛాయ్ బండ్ల దగ్గర ప్రవక్తలు ఉన్నారు, గ్రంథం మాత్రం లేదు.

నష్టలాభ మతాన్ని ముందుగా పరిశీలించడం న్యాయం, ఎందుకంటే అందులో అబద్ధం కంటే పాతబడిన నిజం పాలు ఎక్కువ. ఆదాయపు పన్ను చట్టం మనిషి రాబడిని జీతం, ఇంటి అద్దె, వ్యాపారం, మూలధన లాభం, ఇతర ఆదాయం అని ఐదు అరల్లో సర్దుతుంది; ఒక అరలో పడిన లోటును మరో అరలోని మిగులుతో పూడ్చుకోవడాన్ని ఆడిటర్లు సెటాఫ్ అంటారు, తెలుగులో సర్దుబాటు అనవచ్చు. ఒకప్పుడు వ్యాపారపు అరలోని నష్టాన్ని జీతపు అరతో సర్దుకునే వీలుండేది. 2004లో పార్లమెంటు 71వ సెక్షన్‌లో 2ఏ అనే ఉపసెక్షన్‌ను చేర్చి, 2005-06 మదింపు సంవత్సరం నుంచి ఆ రెండు అరల మధ్య గోడ కట్టించింది. గోడ లేచి ఇరవై ఏళ్లు దాటినా, తల తగిలితే తప్ప అది ఉందని నమ్మనివారు ఏటా రిటర్నుల కాలంలో ఆడిటర్ల ఆఫీసుల ముందు కనిపిస్తూనే ఉంటారు. వారి విశ్వాసానికి మూలం తరచుగా డాలస్ నుంచి వచ్చే ఫోను: అక్కడి బావమరిది వారాంతపు వ్యాపారంలో పోగొట్టుకున్నదాన్ని జీతంలో చూపించి పన్ను తగ్గించుకున్నాడట. అమెరికా చట్టంలో అది సాధ్యమే. కాకపోతే ఏటా నష్టమే వస్తూ ఉంటే అది వ్యాపారమా, సరదా వ్యాపకమా అని అక్కడి పన్ను శాఖ నిలదీస్తుంది, ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపినవారినే అడగకుండా నమ్ముతుంది. బావమరిది చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, పటేల్‌గూడ టెక్సాస్‌లో లేదన్న చిన్న వివరం తప్ప.

ఈ మతాన్ని అంకెల్లో పెట్టి చూస్తే దాని వైభవం ఇంకా బాగా తెలుస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానం కింద 14 లక్షల జీతం తీసుకునే షిఫ్ట్ ఇన్‌చార్జికి 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు పోను 13.25 లక్షలు మిగులుతాయి, దానిపై 4 శాతం సెస్సుతో కలిపి పన్ను 81,900 రూపాయలవుతుంది. షెడ్డులో వచ్చిన 4 లక్షల నష్టాన్ని జీతంలోంచి తీసెయ్యగలిగితే ఆదాయం 9.25 లక్షలకు దిగి, 12 లక్షల లోపు వారికిచ్చే రాయితీతో పన్ను సున్నా అవుతుంది. మతస్థుడు ఈ సున్నాను నమ్ముకుని షెడ్డును ఇంకో ఏడాది ఈడుస్తాడు, అనగా 81,900 రూపాయలు మిగుల్చుకోవడానికి 4 లక్షలు పోగొట్టుకుంటాడు. గోడ లేకపోయినా ఈ బేరం గిట్టదన్న సంగతి చెప్పడానికి చట్టం అక్కర్లేదు, ఎక్కాల పుస్తకం చాలు.

గోడకు కిటికీలు లేకపోలేదు. ప్రవక్తలు వాటి ఊసెత్తకపోవడమే ఆశ్చర్యం. జీతం తప్ప మిగిలిన అరలన్నీ వ్యాపార నష్టానికి తెరిచే ఉన్నాయి: బ్యాంకు డిపాజిట్ వడ్డీ, ఇంటి అద్దె, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ప్రాంతంలో కూరగాయల్లా చేతులు మారే ప్లాట్ల మీద వచ్చే మూలధన లాభం. ఔటర్ రింగ్ రోడ్డు, సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కు పుణ్యమా అని పెరిగిన ప్లాటును అమ్మి, 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభ పన్ను కట్టడానికి సిద్ధపడినవాడు, అదే ఆర్థిక సంవత్సరంలో షెడ్డు నష్టాన్ని ఆ లాభంలోంచి తీసెయ్యవచ్చు. అదే సంవత్సరమన్నది ఇక్కడ ప్రాణప్రదమైన షరతు. షెడ్డు నష్టం ఈ మార్చిలోపు తేలి, ప్లాటు రిజిస్ట్రేషన్ మంచి ముహూర్తం కోసం ఏప్రిల్‌కు జరిగితే, ఆ నష్టం ప్లాటు లాభాన్ని తాకలేదు. పంచాంగం చూసినవాడు ఆర్థిక సంవత్సరాన్ని చూడకపోవడం వల్ల పోయేది పన్నులో పోతుంది. సర్దుబాటు కాగా మిగిలిన నష్టాన్ని ఎనిమిది మదింపు సంవత్సరాల వరకు ముందుకు మోసుకెళ్లే వీలుంది, దాన్నే క్యారీ ఫార్వర్డ్ అంటారు, కానీ అలా మోసుకెళ్లిన మూటను విప్పుకోగలిగేది వ్యాపార లాభం దగ్గర మాత్రమే. పైగా గడువు తేదీలోపు రిటర్ను వేసినవారికే ఆ మూట దక్కుతుంది. ఒక్కరోజు ఆలస్యమైతే ఎనిమిదేళ్ల హక్కు ఎగిరిపోతుంది. లాభం లేదు గనుక రిటర్ను దేనికని ఊరుకున్నవాడు, తన దగ్గర మిగిలిన ఏకైక ఆస్తిని, అంటే ఆ నష్టాన్ని, పోగొట్టుకుంటాడు.

ఈ మతంలో ఒక సనాతన శాఖ ఉంది. షట్టర్ పూర్తిగా మూస్తే పాత నష్టాలు చెల్లిపోతాయని, అందుచేత వారానికి ఒకసారైనా ఎత్తాలని దాని ఆచారం. శుక్రవారం సాయంత్రం షట్టర్ సగం లేపి, నిమ్మకాయ మిరపకాయల దండ మార్చి, ఒక అగరువత్తి వెలిగించి మళ్లీ దించేస్తారు. ఆ మాత్రం అగరువత్తికి ఏడాది పొడవునా కరెంటు మీటరు కనీస చార్జీలు, జీఎస్టీ రిటర్నులు, రిటర్నులు వేసే కుర్రవాడి నెల ఫీజు నైవేద్యంగా సాగుతాయి. నష్టాన్ని తెచ్చిన వ్యాపారమే కొనసాగుతూ ఉండాలన్న షరతు 72వ సెక్షన్‌లో నిజంగానే ఉండేది, కాని 1999 ఫైనాన్స్ చట్టం దాన్ని 2000-01 మదింపు సంవత్సరం నుంచి ఎత్తేసింది. లేత్ షెడ్డులో వచ్చిన నష్టాన్ని, అది మూసేశాక పెట్టిన టిఫిన్ సెంటర్ లాభంలో తీసెయ్యవచ్చు. పాతికేళ్ల కిందట శాసనమే వదిలేసిన నియమానికి ఇంకా దీపం పెడుతున్న ఈ భక్తి, చట్టాన్ని గౌరవించే దేశంలో గనుక జరిగి ఉంటే, ఎంతో మెచ్చుకోదగినదయ్యేది.

దీనికి నేరుగా ఎదురు దిక్కున నడిచే మరో ఆచారాన్ని అక్కడివారు ఎనిమిది పర్సెంట్ చూపించడం అంటారు. 44ఏడీ సెక్షన్ చిన్న వ్యాపారులకు పుస్తకాలు రాసే బాధ తప్పించడానికి, టర్నోవర్‌లో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్మయితే 6 శాతాన్ని లాభమని ఒప్పుకుంటే ఇక లెక్కలు అడగనంటుంది. లాభం వచ్చేవాడికి ఇది సుఖమైన ఒప్పందం. పైన చెప్పిన షిఫ్ట్ ఇన్‌చార్జి షెడ్డులో 30 లక్షల టర్నోవర్ మీద 4 లక్షలు పోగొట్టుకుని, పుస్తకాలు లేవు గనుక 8 శాతం చూపిస్తే, లేని లాభం 2.4 లక్షలు జీతం పైన చేరి, 15 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 37,440 రూపాయల పన్ను పుడుతుంది. వాపును చూసి బలుపనుకున్నాడని సామెత. ఇతడు వాపు కూడా లేని చోట బలుపని రాసిచ్చి, దానికి పన్ను కట్టి, రసీదు దాచుకుంటాడు. కిందటి ఏడాది ఇలా చూపించి ఈ ఏడాది నిజం చెప్పాలనుకుంటే మరో మెలిక ఉంది: ఐదేళ్లలోపు ఈ పద్ధతిని వదిలినవాడికి తరువాతి ఐదేళ్లు అది దొరకదు, జీతంతో కలిపి ఆదాయం పన్ను పరిమితి దాటినవాడు పుస్తకాలు రాయించి ఆడిట్ కూడా చేయించాలి. లాభమని అబద్ధం చెప్పడానికి ఆడిట్ అక్కర్లేదు, నష్టమని నిజం చెప్పడానికి ఆడిటర్ ఫీజు. ఈ ఏర్పాటును కనిపెట్టినవారికి హాస్యం తెలియదనడం కష్టం.

ఇక షట్టర్ మతం. దహనం అయిపోగానే బంధం తెగిందని తెలుగు కుటుంబం ఎన్నడూ అనుకోదు. పదో రోజు, పన్నెండో రోజు, నెలనెలా మాసికాలు, ఏడాదికి ఆబ్దికం సక్రమంగా జరిగితేనే పోయినవాడు పితృదేవతల్లో కలుస్తాడని, లేకుంటే ప్రేతమై ఇంటి చుట్టూ తిరుగుతాడని నమ్మి, అప్పు చేసైనా అవి జరిపిస్తుంది. అంతటి ఆస్తికుడు తన జీఎస్టీ నంబరు దగ్గరకు వచ్చేసరికి పరమ నాస్తికుడైపోతాడు. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన జీఎస్టీ చట్టం వ్యాపారపు ఉత్తరక్రియలను గరుడపురాణానికి తీసిపోని వివరంతో నిర్దేశించింది. వ్యాపారం ఆగిన 30 రోజుల్లో ఆర్ఈజీ-16 అనే ఫారంలో నమోదు రద్దుకు దరఖాస్తు చేయాలి. రద్దయిన తేదీ, రద్దు ఉత్తర్వు తేదీ, ఈ రెండింటిలో ఏది ఆఖరుదైతే దాని నుంచి మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే తుది రిటర్ను వేయాలి, అదే పెద్దకర్మ. దరఖాస్తే చేయకపోతే మాసికాలు ఆగవు: అమ్మకం సున్నా అయినా నెలనెలా రిటర్ను వేయాల్సిందే, వేయకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున ఒక్కో సున్నా రిటర్నుకు 500 దాకా ఆలస్య రుసుము పేరుకుంటుంది, అమ్మకాల పట్టికకు వేరు, పన్ను రిటర్నుకు వేరు. ఆరు నెలలు వరుసగా మౌనం పాటిస్తే అధికారి తనంతట తాను నోటీసిచ్చి నమోదును రద్దు చేయవచ్చు. షట్టర్ మతస్థుడు దీన్ని ప్రభుత్వమే ఉచితంగా జరిపించిన అంత్యక్రియగా భావించి సంతోషిస్తాడు. రద్దు వల్ల అంతకుముందు పడిన బాకీ పోదు, పెద్దకర్మ బాధ్యతా తప్పదు. ఎగ్గొడితే రోజుకు 200 చొప్పున గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా రుసుము. ఇలా తుది రిటర్ను మరిచినవారు దేశమంతటా ఎంతగా పేరుకున్నారో గాని, 2023లో కేంద్రం ఆ రుసుమును 1,000 రూపాయలకు కుదించి కొన్ని నెలల గడువు ఇవ్వాల్సి వచ్చింది. సామూహిక పిండప్రదానాలు కాశీ గయల్లోనే జరుగుతాయనుకోరాదు.

ప్రేతత్వానికి కూడా రాష్ట్ర భేదం ఉందన్నది పిట్టకథ లాంటి విషయం. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే హద్దును 2019లో చాలా రాష్ట్రాలు 40 లక్షల టర్నోవర్‌కు పెంచుకున్నాయి, ఆంధ్రప్రదేశ్ కూడా. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఏడాదికి 25 లక్షలు అమ్మే కిరాణా విజయవాడలో మూతపడితే తాళం చాలు, అదే కిరాణా పటేల్‌గూడలో మూతపడితే కర్మకాండ అంతా కావాలి.

పెద్దకర్మలో అసలు ఖర్చు దానాల దగ్గర ఉంటుంది. వ్యాపారి మిషను కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తరువాత తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు, దాని పేరు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. నమోదు రద్దయ్యే రోజున షెడ్డులో మిగిలిన సరుకును, మిషన్లను యజమాని తనకు తానే అమ్ముకున్నట్లు చట్టం భావిస్తుంది, ఆ క్రెడిట్‌లో అనుభవించని భాగాన్ని వెనక్కి అడుగుతుంది. మిషను ఆయుష్షు ఐదేళ్లని నియమం. 5 లక్షల లేత్ మీద 18 శాతం చొప్పున 90,000 క్రెడిట్ తీసుకున్నవాడు రెండేళ్లకు షెడ్డు మూస్తే, మిగిలిన 36 నెలల వాటా 54,000 రూపాయలు తిరిగి కట్టాలి. మిషను ఇప్పుడు పలికే ధర మీద పన్ను ఇంతకంటే ఎక్కువైతే అదే కట్టాలి. ఇటు ఆదాయపు పన్నులో అదే లేత్ ఏటా 15 శాతం తరుగుదల పోను రెండేళ్లకు 3,61,250 రూపాయల విలువగా పుస్తకాల్లో నిలుస్తుంది. మూడో ఏట దాన్ని 2 లక్షలకు అమ్మితే, ఆ తరగతిలో ఇంకే మిషనూ లేనప్పుడు, ఆ ఏడాది తరుగుదల దక్కదు, తేడా 1,61,250 వ్యాపార నష్టం కూడా అనిపించుకోదు. స్వల్పకాలిక మూలధన నష్టమనే వేరే పేరుతో ఇంకో అరలోకి పోయి, మూలధన లాభం కోసం అక్కడే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అమ్మకుండా షెడ్డులో బట్ట కప్పి ఉంచితే ఆ నష్టం కూడా పుట్టదు. పటేల్‌గూడ మేడల కింద దుమ్ము కొట్టుకుపోతున్న డీప్ ఫ్రీజర్లు, గ్రైండర్లు, లేత్‌లు అన్నీ ఇలా పుట్టని నష్టాలే.

చచ్చిన వ్యాపారం కూడా సంపాదిస్తుందని చట్టానికి దృఢ విశ్వాసం. ఖర్చుగా రాసి పన్ను తగ్గించుకున్న బాకీని, అంటే స్టీలు సరఫరాదారుడికి ఇవ్వాల్సిన 2 లక్షల లాంటిదాన్ని, ఆయన జాలిపడి మాఫీ చేస్తే, 41వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ దాన్ని ఆదాయమంటుంది, వ్యాపారం అప్పటికి బతికి లేకపోయినా సరే. మాఫీ ఎవరూ చేయకపోయినా వ్యాపారి తన పుస్తకాల్లో తానే కొట్టేసుకుంటే అదీ ఆదాయమే. పెట్టుబడి కోసం తెచ్చిన రుణం మాఫీ అయితే మాత్రం ఈ సెక్షన్ తగలదని 2018లో మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది; 2023లో శాసనకర్తలు 28వ సెక్షన్‌కు నగదు రూపపు ప్రయోజనాలను కూడా జోడించి ఆ ఊరటకు పక్కనుంచి మరో దారి తవ్వారు. మూసిన ఏడాది వ్యాపార నష్టం మిగిలి ఉంటే, ఎనిమిదేళ్లు దాటినా ఇలాంటి మరణానంతర ఆదాయంతో దాన్ని సర్దుకోవచ్చని 41వ సెక్షనే ఒక మూల దయ చూపింది, ఆ దయ సంగతి ఛాయ్ బండి దాకా రాలేదు.

అన్నిటికంటే వింత ఉద్దెర ఖాతాది. మొండి బాకీని నష్టంగా రాసుకోవాలంటే వ్యాపారం నడుస్తున్న ఏడాదిలోనే పుస్తకాల్లో కొట్టేయాలి. మూశాక అది రాకపోతే తగ్గింపు లేదు. అప్పటికే కొట్టేసిన ఉద్దెర మూశాక పొరపాటున వసూలైతే మాత్రం పన్ను ఉంది. వ్యాపారాన్ని ఆస్తి అప్పులతో సహా మరొకరు తీసుకుంటే ఆ కొత్త యజమాని పాత బాకీని కొట్టేసుకోవచ్చని 1985లో సుప్రీంకోర్టు ఒక తెలుగు సంస్థ కేసులోనే, టి. వీరభద్రరావు, కె. కోటేశ్వరరావు అండ్ కో కేసులో, తేల్చింది. కనుక ఉద్దెర పుస్తకం వారసుడికి ఇస్తే విలువైనది, అటక మీద పెడితే చిత్తుకాగితం. వ్యాపారం మానేసిన 15 రోజుల్లో పన్ను అధికారికి ఆ కబురు రాసి పంపాలని 176వ సెక్షన్ కోరుతుంది; పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బోనాల ఫ్లెక్సీలో పేరు లేదని అలిగే వ్యాపారులు కోకొల్లలు, ఈ కబురు పంపినవాడు కనిపిస్తే సన్మానం చేయవచ్చు.

ఈ చిక్కులన్నిటికీ విరుగుడుగా ఇల్లాలి పేరున నమోదు చేయించడం మరో సంప్రదాయం. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య పేరున నడిచే వ్యాపారపు ఆదాయాన్ని 64వ సెక్షన్ ఆ పెట్టుబడి నిష్పత్తిలో భర్త ఖాతాలోనే కలుపుతుంది, ఆదాయమంటే నష్టం కూడా అని వివరణ ఇచ్చి మరీ. అలా తిరిగి వచ్చిన నష్టానికి భర్త జీతం దగ్గర అదే గోడ ఎదురవుతుంది. దర్జా కోసం ప్రైవేట్ లిమిటెడ్ పెట్టినవారి సంగతి క్లుప్తంగా చెప్పడమే మర్యాద: కంపెనీ నష్టం కంపెనీదే, వార్షిక పత్రాల ఆలస్యానికి రోజుకు 100 రూపాయల రుసుముకు పరిమితే లేదు, 2017లో కేంద్రం 2 లక్షలకు పైగా నిద్రపోతున్న కంపెనీల పేర్లు కొట్టేసినప్పుడు డైరెక్టర్లు కూడా అనర్హులయ్యారు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది గనుక పైన చెప్పిన సెక్షన్ల అంకెలు మారతాయని, అంకెలతో పాటు గోడలు కూడా కూలతాయని ఇప్పటికే కొత్త ప్రవక్తలు బయలుదేరారు. జీతానికి వ్యాపార నష్టానికి మధ్య గోడ కొత్త చట్టంలోనూ ఉంది.

ఇంత జరిగాక ఆ షట్టర్ మీద టులెట్ బోర్డు వెలుస్తుంది. మూసిన ఏడాదిలోనే, జనవరిలో కిరాయిదారు దిగితే, మార్చి దాకా అయ్యే కిరాయిని ఆ ఏడాది షెడ్డు నష్టంలో సర్దుకోవచ్చు. ఏప్రిల్‌లో దిగితే, 30 శాతం తగ్గింపు పోను మిగిలిన కిరాయి మొత్తం జీతంతో కలిసి పన్నుకు పోతుంది.